దుప్పటికి రెండో కొస

ఆసుపత్రి లాండ్రీలో ఆ ఇద్దరినీ పేర్లు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒకామె పొట్టి వదిన, ఇంకొకామె పొడుగు వదిన. వాళ్లు కూడా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఇస్త్రీ యంత్రంలోంచి వార్డుల దుప్పట్లు కాలిపోతూ వస్తుంటే, చెరో కొసా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. ఒంటరిగా చేయలేరా అంటే చేయొచ్చు, అంచును మధ్యలో గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి, నానా తంటాలూ పడి. అందుకే ఒకరికి సెలవిస్తే రెండోవాళ్లకివ్వరు. ఉన్నామెకు తోడుగా ఉతికే గదిలోంచి ఎవరినో ఒకరిని లాక్కొచ్చి నిలబెడతారు. పొడుగు వదిన ఇన్నేళ్లుగా నడుము కాస్త వంచి, చేతులు కిందికి దించి మడతపెడుతోంది, పొట్టి వదినకు అందాలని. ఈ సంగతి వాళ్లు ఎప్పుడూ పైకి అనుకోలేదు.

పొట్టి వదిన భర్త స్కూటర్ మెకానిక్. మనిషి మంచివాడే గానీ, ఏదైనా చెప్పకుండా చేసి మురిసిపోయే రకం. ఒకరోజు చేతుల గ్రీజు కడుక్కోకుండానే వచ్చి, “కొండమీద లాడ్జిలో గది తీసుకున్నా. స్పా కూడా ఉందట! పెళ్లయిన కొత్తలో మాటిచ్చానుగా” అన్నాడు.

“ఇప్పుడా! మోకాళ్లు కిర్రుమంటుంటేనా?” అని నవ్విందే గానీ, ఆమె ముఖం వెలిగిపోయింది. వెళ్లాల్సిన రోజులు వినగానే ఆ వెలుగు ఆరిపోయింది. సరిగ్గా ఆ రోజులకే పొడుగు వదిన సెలవు తీసుకుంది. కూతురికి పక్క ఊళ్లో ఈత పోటీ. ఆ పిల్ల ఏడాది పొడుగునా తెల్లారకముందే కొలనులో దిగి, వణుక్కుంటూ బడికి వెళ్లింది.

‘మొగుడితో సరదాగా కొండెక్కుతున్నాను, నీ సెలవు నాకివ్వు’ అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? జబ్బు చేస్తే సెలవు అడగొచ్చు, చావుకైనా అడగొచ్చు. సుఖపడటానికి అడగడం ఆమెకు చేతకాలేదు. మర్నాడు దుప్పటి దులుపుతుండగా నోట్లోంచి అబద్ధం జారిపోయింది.

“మా ఆయన నడుం పట్టేసింది వదినా. లేవలేకపోతున్నాడు.”

“అయ్యో! మరి ఇక్కడేం చేస్తున్నావే తల్లీ? నా సెలవు నువ్వు తీసుకో.”

“పాప పోటీ?”

“పోటీదేముంది, మళ్లీ ఏడాది రాదా? మనిషికన్నా ఎక్కువా?”

అప్పుడైనా ‘వద్దులే’ అనొచ్చుగా! నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, దుప్పటి కొస అందించింది మహాతల్లి.

లాడ్జి బాగుంది. కిటికీ తెరిస్తే మంచు గదిలోకి వచ్చేస్తోంది. మంచం మీద తెల్ల దుప్పటి ఒక్క ముడత లేకుండా బిగించి ఉంది. మెకానిక్ ఎగిరి దాని మీద పడ్డాడు. ఆమె మాత్రం అంచున కూర్చుని, ముడతపడినచోట అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది.

స్పాలో మసాజు చేసే అమ్మాయి ఆమెకు పెద్ద దుప్పటి కప్పి, “భుజాలు రాళ్లలా ఉన్నాయండీ. ఏం పని చేస్తారు?” అంది.

“ఏం లేదమ్మా, ఇంట్లోనే” అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఒక అబద్ధం ఆడాక రెండోది అడక్కుండానే వచ్చేస్తుంది కాబోలు. “ఒళ్లు వదిలేయండి” అని ఆ అమ్మాయి ఎంత బతిమాలినా, ఒళ్లు వదల్లేదు.

గదికి తిరిగొచ్చేసరికి మెకానిక్ ఆమె ఫోను చెవికి పెట్టుకుని, ఇంకో చేత్తో నడుము పట్టుకుని మూలుగుతున్నాడు.

“అబ్బా... పర్లేదు చెల్లెమ్మా... ఇప్పుడు కాస్త నయం.” ఫోను పెట్టేసి పెళ్లాం వైపు చూశాడు. “నాకెప్పుడు పట్టేసిందే నడుం?”

అంతా చెప్పింది. అతను పడీ పడీ నవ్వాడు. “నన్ను మంచమెక్కించి నువ్వు కొండెక్కావా!” అన్నాడు. కాసేపటికి నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“పాప గెలిచిందట. మొదటి బహుమతి. కోచే తీసుకెళ్లి, పోటీ ఫోనులో చూపించాడట. ‘ఒడ్డుకు రాగానే జనంలో నాకోసం వెతికింది అన్నయ్యా’ అంది.”

ఆమె బ్యాగులో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

“ఇప్పుడు దిగిపోతే ఆ పోటీ వెనక్కొస్తుందా? ఉందాం. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ. ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు.

“నాకు తెలుసుగా!” అని ఏడ్చేసింది.

ఉన్నారు. బల్లమీద కొవ్వొత్తి వెలిగించి ఇద్దరికీ వడ్డించారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నారు.

పనిలోకి వచ్చిన పొద్దున పొడుగు వదిన చంకలో పొట్లంతో ఎదురొచ్చింది. అందులో వేడినీళ్ల సంచి, దానికి మెత్తటి తొడుగు. “పాప కుట్టింది. బహుమతితో పాటు తువ్వాలిచ్చారుగా, దాన్నే కత్తిరించేసింది. మావయ్య నడుముకట” అంది నవ్వుతూ.

పొట్టి వదిన దాన్ని బల్లమీద పెట్టింది. ఇద్దరూ దుప్పటి అందుకున్నారు, విదిలించారు, ఎదురెదురుగా నడిచారు. అంచులు కలిసినచోట ముఖాలు దగ్గరయ్యాయి.

“వదినా, ఆయనకి నడుం పట్టలేదు. మేం కొండమీద లాడ్జికెళ్లాం. సరదాగా. నీకు అబద్ధం చెప్పా.”

యంత్రం మోగుతూనే ఉంది. పొడుగు వదిన కళ్లు ఆమె ముఖం మీంచి బల్లమీది సంచి మీదికి పోయాయి. దుప్పటి మాత్రం వదల్లేదు. ఆమె చేతుల్లోంచి అంచులు నెమ్మదిగా తీసుకుని, ఆ మడత పూర్తిచేసి, దొంతరలో పెట్టింది.

“తిట్టవే వదినా! చెంపమీద ఒక్కటియ్యి!”

యంత్రంలోంచి తర్వాతి దుప్పటి వచ్చింది. అలవాటుగా పొట్టి వదిన రెండో కొస కోసం చేతులు చాపింది. పొడుగు వదిన అంచును గడ్డం కింద నొక్కిపెట్టుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి నడుము వంచకుండా, నిటారుగా నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, ఒక్కతే మడతపెట్టింది.