పెద్దసారుకు నచ్చిన మొహం

కంప్యూటర్ మొరాయిస్తే నన్నే పిలుస్తారని కాలర్ ఎగరేసుకు తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు తెలిసిన వైద్యం ఒకటే, పనిచెయ్యనిదాన్ని పీకి మళ్లీ గుచ్చడం. ఆ ధైర్యంతోనే గోరంట్ల దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. చేరి నెల కూడా కాలేదు. ఆ ఉదయం డాక్టరమ్మ క్యాంపుకు బయల్దేరుతూ, "పదిగంటలకు మన జిల్లా పెద్దసారు వీడియో మీటింగు ఉండాది. నా బదులు నువ్వు కూర్చో. మొగం కనపడకపోతే ఆయనకు కోపమొస్తాది" అని చెప్పి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే గొర్రెల మామ వచ్చాడు (ఊరి మందలో సగం ఆయనవే కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు). "మూడు పిల్లలు సచ్చిపోయినాయప్పా, మిగిలినవి నీళ్లనీళ్లగా పారుకుంటాండాయి" అంటూ పెంటికల పొట్లం నా చేతిలో పెట్టాడు. వాటిని నీళ్లలో కలిపి, ల్యాప్‌టాప్‌కు తీగతో తగిలించే మైక్రోస్కోపు కింద పెట్టాను. తెరమీద పెంటికకు బదులు నా మొహం వచ్చింది. మూతలో ఉండే కెమెరాకూ దీనికీ పడటం లేదని కనిపెట్టి, సెట్టింగుల్లోకి పోయి మూత కెమెరాను ఆపేశాను. వెంటనే పురుగు గుడ్డు ఒకటి గుమ్మడికాయంత కనపడింది. అది ఏ పురుగుదో నాకు తెలియదు గానీ నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంతలో పది కావడంతో మీటింగు తెరిచాను. వరసగా అందరి మొహాలు, నడుమ నా పేరు, పేరు పైన గుడ్డు.

"ఏమప్పా, నీ మొగం యాడ?" అన్నాడు పెద్దసారు.

"కెమెరా రాలేదు సార్."

"మరి ఇదేంది?"

"గొర్రె పెంటిక సార్."

తీగ పీకాను. కెమెరానే లేదంది ల్యాప్‌టాప్. మళ్లీ గుచ్చాను, గుడ్డు వచ్చింది. ఇంకో పక్క గుచ్చాను, అదే గుడ్డు. (మూత కెమెరాను ఆపింది నేనేనన్న సంగతి ఆ కంగారులో తట్టనే లేదు.) ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. పెద్దసారు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఉండు, కదిలించొద్దు. ఇది కార్జం జలగ గుడ్డప్పా. గొర్రెలు యాడ మేస్తాండాయి?"

నా వెనకనుంచి మామ అందుకున్నాడు. "చెరువంతా ఎండిపోయినాది సామీ. ఒక్క గుంత తావే పచ్చిక ఉండాది, ఆడికే తోలతాండా."

"ఆ తడి పచ్చికలోనుంచే ఈ పురుగు కడుపులోకి పోతాది. ఇంక ఆడికి తోలొద్దు" అని పెద్దసారు మందు పేరూ మోతాదూ చెప్పాడు. జిల్లాలోని డాక్టర్లందరూ తలలు వంచుకుని రాసుకున్నారు. ఆ సందులో నాకు బుర్ర వెలిగి మూత కెమెరాను మళ్లీ తెరిచాను. చెమటలు కారుతున్న నా మొహం తెరంతా నిండింది. పెద్దసారు దాన్ని కాసేపు చూశాడు.

"ఇందాకటిదే బాగుండాది. అదే పెట్టు" అన్నాడు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "నా పరువు పోయింది నాయనా" అని కథంతా చెప్పాను. ఆయన అంతా విని, "గొర్రెలు బతుకుతాయా?" అని అడిగాడు. బతుకుతాయంటున్నారన్నాను. "ఇంకేంది మల్ల? అన్నం తిను పో" అని పెట్టేశాడు.

నేను తినలేదు. పరువు పోయిందని పస్తు పడుకున్నాను. పోవడానికి అప్పటికి నీ దగ్గర పరువంటూ ఏం పోగుపడిందిరా అని ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి ఇప్పుడు అడగాలనిపిస్తుంది. అడిగినా వాడు వినే రకం కాదు.