అమ్మకు రావలసిన చీర

"చెల్లె, అమ్మ లేస్తలేదే" అని అన్న ఫోన్ చేసినప్పుడు నేను టీ పెడుతున్నాను. వాడి గొంతులోనే సంగతంతా తెలిసిపోయింది. నాందేడ్‌లో మా ఇంటికీ వాడి ఇంటికీ మధ్య నాలుగు సందులే. నేను వెళ్ళేసరికి అమ్మ గోడవైపు తిరిగి, రోజూ పడుకునే తీరులోనే ఉంది. తెల్లవారినా ప్రార్థనకు లేవకుండా ఆమె పడుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ ప్రార్థన గురించి చెప్పకపోతే మా అమ్మ గురించి మీకు చెప్పినట్టే కాదు. మా చర్చిలో ఆరాధన అంతా మరాఠీలో జరుగుతుంది. అమ్మ కూరగాయల బేరం కూడా మరాఠీలోనే ఆడేది. దేవుడి దగ్గర మాత్రం తెలుగు తప్ప మాట్లాడేది కాదు. "మరాఠీల అడుగుతె మర్యాదకు అడిగినట్టుంటది బిడ్డా. ఏడ్వాల్నంటె నాకు తెలుగే రావాలె" అనేది. ఏడవడానికి ఆమెకు కారణం ఉంది. దెగ్లూర్ పక్క పల్లెలో సేద్యం చేసుకునే హిందూ కుటుంబం ఆమెది. పెళ్ళయిన కొన్నేళ్ళకు నాన్నతో పాటు బాప్తిస్మం తీసుకుంది. దాంతో పుట్టింటి రాకపోకలు ఆగిపోయాయి. ఒక్కగానొక్క తమ్ముడు, అంటే మా మామ, పండుగకు పిలవడం మానేశాడు. నాన్న పోయినప్పుడు కూడా రాలేదు.

అమ్మ మాత్రం అతన్ని వదల్లేదు. "తండ్రీ, మా తమ్ముని బోరు ఎండనియ్యకు. సోయాబీన్‌కు పురుగు రానియ్యకు. ఎర్రావు ఈనేదుంది, జర చూడు" అని రోజూ పొద్దున మొదలుపెట్టేది. బస్టాండుకు వెళ్ళి, దెగ్లూర్ బస్సు దిగిన ఆడవాళ్ళను ఆపి మరీ ఈ కబుర్లు సేకరించేది. ఆ ఊరి పొలాల సంగతి పట్వారీ కంటే దేవుడికే బాగా తెలిసుంటుందని మేము నవ్వుకునేవాళ్ళం. మా అమ్మాయి పదో తరగతి పరీక్షకు వెళ్తూ దీవెన కోసం తల వంచితే, అమ్మ ఆ తల మీద చెయ్యి పెట్టి బోరుతోనే మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, నా పేపర్ సంగతి చెప్పు, రిక్షా అచ్చింది!"

"లైన్ల ఉండవే. పేపర్ పోతె మళ్ల రాయొచ్చు, బోరు ఎండితె మళ్ల నీళ్లు రావు" అంది అమ్మ కళ్ళు తెరవకుండానే.

చనిపోయిన ఆడపిల్ల మీద పుట్టింటివాళ్ళు చీర కప్పడం మా వైపు ఆనవాయితీ. క్రైస్తవులం, మనకెందుకమ్మా ఇవన్నీ అని ఒకసారి అన్నాను. జొన్నలు చెరుగుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. "యేసయ్య ఉత్త చేతులతోనే రమ్మంటడు, నాకెరుకే. గని తమ్ముడు చీర కప్పకుంట పోతె, నేను ఎవలింటి ఆడిబిడ్డనని చెప్పాలె?" అంది. ఇన్నేళ్ళలో ఆమె తన కోసం కోరుకున్నది అదొక్కటే అనుకుంటాను.

అందుకే ఆ రోజు అన్న అందరికంటే ముందు మామకే ఫోన్ చేశాడు. అంతా విన్న మామ "ఇన్న" అని మాత్రం అని పెట్టేశాడట. వస్తాడో రాడో తెలియదు. చూడటానికి వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే "మాహేరచం లుగడం ఆలం కా?" అని, పుట్టింటి చీర వచ్చిందా అని అడుగుతున్నారు. తలుపువైపు చూస్తూ వస్తోందని చెప్పాను. పాస్టరుగారికి మా బాధ తెలుసు, ఇంకో పాట, ఇంకో పాట అని పాడిస్తూ పోయారు. పొద్దు వాలింది. శవం కింది మంచుగడ్డ కరిగి వాకిట్లోకి పారుతోంది. అన్న నా భుజం మీద చెయ్యి వేసి "ఇగ చాలు చెల్లె" అన్నాడు. పెట్టెకు మూత వేసి మేకులు కొడుతుంటే నేను చెవులు మూసుకున్నాను.

మరునాడు పొద్దున్నే పూలు తీసుకుని సమాధుల తోటకు వెళ్ళాను. చేతిలో సంచితో మామ అక్కడ నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు, కానీ ఆ ముక్కు అచ్చం అమ్మదే. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడెందుకచ్చినవ్ మామా? పొద్దుగూకెదాంక చూసినం."

"నిన్న పగటీలికే అచ్చిన బిడ్డా. మీ గల్లీ మూల మీదనే నిలవడ్డ. లోపటికి రావాల్నంటె మొఖం చెల్లలే. పెట్టెను నా ముందల్నించే తీస్కపోయిండ్రు."

ఆ మాటతో నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"అక్క తల ఎటుంది?" అని అడిగాడు. చూపించాను. సంచిలోంచి కొబ్బరికాయ, అగరుబత్తులు తీసి, శిలువ వైపు చూసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. తర్వాత నీలం చీర తీసి, మడతలు విప్పి, పచ్చి మట్టి మీద కాళ్ళ నుంచి తల దాకా పరిచాడు. గాలికి కొంగు లేస్తోంది. నేనొక మట్టిపెళ్ళ అందించాను. తీసుకుని, కొంగు మీద పెట్టబోయి ఆగాడు.

"బరువైతదేమో" అన్నాడు.

పెళ్ళను పక్కన పెట్టి, ఆ కొంగును అరచేత్తో అదిమి పట్టుకుని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.