ఫ్లెక్సీ వెనక చెరుకు పిలక

కాసులమ్మ ఉన్న గది కిటికీకి దాతల ఫ్లెక్సీ కట్టి పదకొండు నెలలైంది. అనకాపల్లిలోని ఆ వృద్ధాశ్రమానికి రోడ్డువైపున్నది ఆ ఒక్క కిటికీయే. దారినపోయేవాళ్లకి దాతల మొహాలు కనబడాలి గదా! లోపలి ఇద్దరు ముసలమ్మలకి వెలుతురు పోయింది. పెట్టింది తింటన్నాం, ఏటంటాం అనుకుంది కాసులమ్మ.

ఎండెక్కితే ఆ మొహాలు లోపలికీ కనబడేవి, జానెడేసి కళ్లతో. గాలి వీస్తే నవ్వేవి.

బుచ్చయ్యపేటలో నలభయ్యేళ్లు చెరుకు నాటిన చెయ్యి ఆమెది. మేనల్లుడు తెచ్చిన చెరుకు ముక్కని, మొలకొచ్చే కన్ను పక్కకొచ్చేలా, మట్టి నింపిన పాత రంగుడబ్బాలో పడుకోబెట్టి, తన తలవైపు కిటికీ గట్టున పెట్టింది. పక్కమంచం మీంచి లేవలేని పుష్పకుమారి, ఒకప్పటి నర్సు, పకపకా నవ్వింది.

"సీకట్లో సెరుకేటే కాసులూ? బెల్లం వండుతావా?"

"నువ్వుండు సిస్టరమ్మా. కన్ను బతికుంటే అదే లేత్తాది."

పిలక లేచింది, పాలిపోయి. వారం తిరక్కుండా పుష్పకుమారి మంచంవైపు వాలింది. డబ్బా తిప్పి పెట్టినా మళ్లీ అటే.

తరవాతి నెలలో పుష్పకుమారి పోయింది. పిలక మాత్రం పచ్చబడుతూ, ఆ ఖాళీ దిండువైపే వంగింది.

"మామ్మా, దీన్ని చూసి అందరూ జడుసుకుంటున్నారు. రేపు పారేయిస్తా" అన్నాడు మేనేజరు కిరణ్.

"అదీ పోతే నాకింకేటుంది బాబూ, ఆ మొహాలు తప్ప?"

ఆ మధ్యాహ్నం కాసులమ్మ తెగించి, పోయినావిడ మంచం మీద పడుకుంది. చెంప మీద వెచ్చగా ఎండ! తలెత్తి చూస్తే, ఊచల వెనక, ఫ్లెక్సీ అడుగున, పెద్దదాత కంట్లో చిల్లు. దాంట్లోనే పుష్పకుమారి తలపిన్ను. పడుకున్న మనిషి పడుకునే, తను నవ్విన మొక్కకే వెలుతురికి దారి చేసి పోయింది.

"ఓలమ్మ సిస్టరమ్మా!" అని ఏడ్చింది కాసులమ్మ.

కిరణ్ పిన్ను తీసి జేబులో వేసుకుని, చిల్లుకి టేపు అంటించేడు. "ఫ్లెక్సీ విప్పితే దాత ఊరుకోరు మామ్మా."

తెల్లారేసరికి రెండో కంట్లో చిల్లు.

"నాను కాదు బాబూ" అంది కాసులమ్మ. కిరణ్ జేబు తడుముకున్నాడు. పిన్ను అక్కడే ఉంది. డబ్బా జోలికి మళ్లీ రాలేదు.

ఫ్లెక్సీ మాత్రం ఇంకా వేలాడుతోంది. ఎవరు గుచ్చారని అడక్కండి. మీరు అన్నదానం చేసిన ఆశ్రమానికి ఈ ఆదివారం వెళ్లండి. మీ మొహం ఎవరి కిటికీకి అడ్డముందో చూసి, ఆ ఫ్లెక్సీని మీ చేత్తోనే విప్పండి. ఒక డబ్బా, నాలుగు గుప్పెళ్ల మట్టి ఇచ్చి రండి.