రేకు కింద జనరేటర్

మిలిటరీ నుంచి పెన్షన్ మీద వచ్చిన మరుసటి ఏడు ఖతార్‌లో దిగాను. ఎటు చూసినా ఆయిల్, గ్యాస్ పైప్‌లైన్లకు గుంతలు తవ్వుతున్న రోజులు. మా ఊళ్లో మాత్రం సత్తయ్య దుబాయ్ పోయిండనే చెప్పుకున్నారు. క్యాంప్ అల్ రయ్యాన్ దాటి చాలా దూరం. డిసెంబర్. బస్సు దిగగానే ఉత్తరపు గాలి ముఖాన కొట్టింది. ఎడారిలో ఇంత చలి ఉంటుందని ఎవడూ చెప్పలేదు. కిట్టు కింద జాకెట్, టార్చి, వాకీటాకీ ఇచ్చారు. గేటు డ్యూటీ, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు.

మొదటి రోజే జనరేటర్ చూసి ఆగిపోయాను. చలికి, ఇసుకకు భయపడి దాన్ని మనుషులు పడుకునే క్యాబిన్ గోడకు ఆనించి, చుట్టూ టార్పాలిన్ కట్టారు. మంచుకొండల పోస్టులో రెండు చలికాలాలు గడిపినవాణ్ణి. అక్కడ దాన్ని బంకర్‌కు ఆమడ దూరంలో పెట్టేవాళ్లం. దాని పొగలో విషం కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. నిద్రలోనే తీసుకుపోతుంది.

ఆపరేటర్ గంగారాం, నిర్మల్ వైపు మనిషి. చెప్పగానే అర్థం చేసుకున్నాడు. ఇద్దరం మిషన్‌ను దూరంగా జరిపి, నాలుగు పైపులు పాతి పైన రేకు వేశాం. పక్కలు తెరిచే ఉంచాం. ఎడ్ల కొట్టం లెక్కనే ఉందని నవ్వాడు.

అతను అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల కండువా, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. నలుగురితో కలిసి పడుకోకూడదని సామాన్ల స్టోర్‌లో చాప వేసుకునేవాడు. మాలలో ఉన్నవాడికి అందరూ స్వాములే, తుపాకీ పట్టిన నేను కూడా. పెళ్లైన ఎనిమిదేళ్లకు కూతురు పుట్టింది. ఆ మొక్కు. బిడ్డను ఇంకా చూడలేదు. సెలవు దొరికింది, వారంలో ప్రయాణం.

ఆ రోజు, ముందు రాత్రి నుంచీ వాన. మధ్యాహ్నం వాకీటాకీ మోగింది.

"స్వామీ, గాలికి రేకు లేసిపోయింది. మిషన్ తడుస్తున్నది."

"బంద్ చెయ్."

"బంద్ చేస్తే పంపు ఆగుతది. గుంతల మనోళ్లున్నరు, నీళ్లు నిండుతయ్."

"సరే. మనుషులు పండుకునే రూం దగ్గరికి మాత్రం తేకు."

"తేను స్వామీ."

మాట తప్పలేదు. క్యాబిన్ల వైపు తేలేదు. స్టోర్ చూరు కిందికి లాగాడు. తాను పడుకునేదీ మనుషుల గదేనని పిచ్చివాడు లెక్కేసుకోలేదు. ఆ గోడకు పాత ఏసీ తీసేసిన కంత ఉంది, చలికి ఉత్త అట్టముక్క అడ్డం పెట్టుకున్నాడు. రాత్రంతా పంపు దగ్గర మేలుకున్నవాడు, తలుపేసుకుని కాసేపు నడుం వాల్చాడు.

సాయంత్రం డ్యూటీ దిగి స్టోర్ బయటి నుంచి పిలిచాను. పలకలేదు. తలుపు తోసి బయటికి లాక్కొచ్చాను. మిలిటరీలో నేర్పినదంతా చేశాను. గుంతలో వాళ్లంతా క్షేమంగా పైకొచ్చి చుట్టూ నిలబడ్డారు. గంగారాం లేవలేదు.

పెట్టెతో పాటు నేనే వచ్చాను. మళ్లీ ఆ దేశం పోలేదు. అతని మెడలో మాల ఊళ్లో గురుస్వామి తీశాడు. ఆ పసిదాన్ని అప్పుడే తండ్రి దగ్గరికి తెచ్చారు. నేను చూడలేక బయటికి వచ్చి ఏడ్చాను.

కొండల మీద ఎందరినో పోగొట్టుకున్నాను. వాళ్ల ముఖాలు కొన్ని మసకబారాయి. ఇది మాత్రం పోదు. స్టోర్ తలుపు తోసే ముందు జనరేటర్ ఆపడానికి వంగాను. ఆ చలిలో గంగారాం తన ఒంటి మీది కండువా తీసి, దాని స్విచ్చుల మీద జాగ్రత్తగా కట్టి ఉంచాడు. దాని కింద ఒక్క చుక్క తడి లేదు. మిషన్ నడుస్తూనే ఉంది.