నేను బ్రిటన్ అయిన సెమిస్టర్

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో చదువుకునే రోజుల్లో నేను ఒక సెమిస్టర్ పాటు బ్రిటిష్ సామ్రాజ్యంగా ఉన్నాను. అలాంటి హోదా నాకు వస్తుందని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లింది అకౌంటింగ్ చదవడానికి. డిగ్రీ చేతికి రావాలంటే బయటి సబ్జెక్టు ఒకటి తీసుకోవాలన్నారు. పరీక్ష లేనిది ఏదుందా అని వెతికితే చరిత్ర దొరికింది. పంతొమ్మిదో శతాబ్దపు సామ్రాజ్యాలు అని దానికి పెద్ద పేరు. తాతముత్తాతలంతా ఒక సామ్రాజ్యం కింద పన్నులు కట్టి బతికినవాళ్లే, నాకు కొత్తగా నేర్పడానికి ఏముంటుందిలే అని ధైర్యంగా చేరాను.

మా ట్యూటర్ చాలా మంచివాడు. అంత మంచివాళ్లతోనే కష్టం. పాఠం చెప్పడం పాత పద్ధతనీ, చరిత్రని మనమే ఆడి నేర్చుకోవాలనీ ఆయన సిద్ధాంతం. ఆ సెమిస్టర్ ఆటకి ఆయన ఎంచుకున్నది క్రీట్ తిరుగుబాటు. గ్రీసుకి దక్షిణాన సముద్రంలో పొడుగ్గా పడుకున్నట్టుండే దీవి అది. అప్పట్లో టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండేది. జనంలో ఎక్కువమంది క్రైస్తవులు, మిగతావాళ్లు ముస్లింలు, ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది గ్రీకే. మాకు సుల్తాను వద్దు, గ్రీసులో కలుస్తాం అని క్రైస్తవులు తరానికోసారి తిరగబడేవారు. తిరగబడినప్పుడల్లా రెండు వైపులా ఊళ్లు తగలబడేవి.

చివరికి యూరప్‌లోని ఆరు పెద్ద రాజ్యాలకి మనసు కరిగింది. యుద్ధనౌకలు వేసుకుని వచ్చాయి. వచ్చి, కొండమీద గ్రీకు జెండా పాతుకుని కూర్చున్న తిరుగుబాటుదారుల మీద ఫిరంగులు పేల్చాయి. శాంతి కోసమే. కొన్నాళ్లకి ఇద్దరు విసుగొచ్చి ఇంటికెళ్లిపోతే, మిగిలిన నలుగురూ తలో జిల్లా పంచుకుని కాపలా కాశారు. తెగీ తెగని గొడవలన్నీ అయ్యాక దీవికి స్వపరిపాలన ఇచ్చారు. పేరుకి సుల్తానుదే. పాలించడానికి మాత్రం గ్రీసు రాజుగారి రెండో కొడుకుని దింపారు. గ్రీసు కావాలని అడిగినవాళ్లకి శాంపిల్ ఇచ్చారన్నమాట.

మా క్లాసులో ఉన్నది ఏడుగురం. ఆరు రాజ్యాలు, ఒక సుల్తాను, లెక్క సరిపోయింది. ఫుట్‌బాల్ ప్రాక్టీసు నుంచి తిన్నగా క్లాసుకొచ్చే ఒక రైతుబిడ్డకి ఫ్రాన్స్ దక్కింది. ఇజ్మీర్ నుంచి చదువుకోవడానికొచ్చిన టర్కీ అమ్మాయిని సుల్తానుని చేశారు. "నీకు సహజంగా వస్తుంది" అన్నాడు ట్యూటర్ ఆ పిల్లతో. తర్వాత నావైపు తిరిగి, "బ్రిటన్ నీకు. మీ దేశానికి ఆ అనుభవం ఉంది కదా" అన్నాడు. మా దేశానికి అనుభవం ఉన్నది అవతలి కొసన అని చెప్పాలనిపించింది. థాంక్యూ అన్నాను.

"మరి క్రీట్ వాళ్లెవరు?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "చాలా మంచి ప్రశ్న. అప్పుడు నిజంగా జరిగిన సమావేశాల్లో వాళ్లకి కుర్చీ లేదు. మనం చరిత్రని మార్చకూడదు."

ఇంటికొచ్చి ఈ సంగతి మా ఇంటాయనకి చెప్పాను. ఇంటాయనంటే నేను వెనక గది అద్దెకు తీసుకున్న ఇంటి యజమాని. ఎనభై దాటిన ముసలాయన, భార్య పోయింది, కొడుకు బ్రిస్బేన్‌లో. పడమటి వైపు ఒక చిన్న ఊళ్లో నలభై ఏళ్లపాటు కాఫీ హోటల్ నడిపి, రైతులకి మాంసమూ గుడ్లూ వేయించిపెట్టి, తన దేశపు వంట ఒక్కరోజూ అమ్ముకోలేక రిటైరైనవాడు. నేను అంకుల్ అని పిలిస్తే మొదట్లో "నేను నీకు ఏ వరసలో అంకుల్?" అని అడిగేవాడు. తర్వాత విసుగొచ్చి ఒప్పుకున్నాడు. ఆయన గ్రీకు అని మా అమ్మకి ఫోన్లో చెబితే, గ్రీసులో ఏ ఊరని అడిగింది. క్రీట్ అన్నాను. "అంటే బైబిల్లోని క్రేతు. సండే స్కూల్లో విన్నాం, వాళ్లకంత మంచి పేరు లేదు. తలుపు గడియ వేసుకుని పడుకో" అంది.

ఆ పూట భోజనం దగ్గర ఆరు రాజ్యాల సంగతి చెప్పాక ఆయన ఫోర్క్ కింద పెట్టాడు.

"మా తరపున ఎవరు మాట్లాడతారు?"

"ఎవరూ లేరంకుల్. మీకు కుర్చీ లేదు."

"మా తాత ఆ కొండమీద ఉన్నాడు. ఇంగ్లండు ఫిరంగి దెబ్బకి ఆయన ఎడమ చెవి పోయింది."

ఆరు దేశాల నౌకలు వరసగా నిలబడి ఉంటే ఆ గుండు ఇంగ్లండుదేనని ఎలా తెలిసిందని అడిగాను. బ్రిటన్‌గా నాకు ఆ మాత్రం విచారణ చేసే బాధ్యత ఉంది.

"మా తాతకి తెలుసు" అన్నాడు. "నీకు క్లాసు ఎప్పుడు? నేను వస్తున్నాను."

సమావేశం రోజున ఆయన చావులకి వేసుకునే నల్ల సూటు వేసుకున్నాడు. చేతిలో మూతపెట్టిన పెద్ద పళ్లెం. యూనివర్సిటీకి నన్ను తనే కారులో తీసుకెళ్లాడు. ఆయన కారు నడిపితే వెనక ఊరేగింపులా ట్రాఫిక్ వస్తుంది. ఆ ఊరేగింపుతోనే వెళ్లి గదిలో అడుగుపెట్టాం. ట్యూటర్ ఆనందానికి అంతులేదు. సమాజాన్ని యూనివర్సిటీలోకి తేవడమంటే ఇదే అన్నాడు. సమాజాన్ని తీసుకెళ్లి కిటికీ పక్కన పరిశీలకుడి కుర్చీలో కూర్చోబెట్టాడు. బల్ల దగ్గర మాత్రం చోటు లేదు.

నేను లేచి మాట్లాడాను. దీవి ప్రజల పట్ల మాకు ఎంతో సానుభూతి ఉందన్నాను. అయితే స్వేచ్ఛ భరించే శిక్షణ వాళ్లకి ఇంకా అందలేదనీ, ముందు క్రమం రావాలనీ, ఆ క్రమం వచ్చేదాకా మా సైనికులు అక్కడే ఉండక తప్పదనీ అన్నాను. ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. తెల్లవాళ్లు మన గురించి ఏమన్నారో చిన్నప్పుడు సోషల్ పాఠాల్లో మార్కుల కోసం బట్టీపట్టిందంతా తన్నుకుని వచ్చేసింది. రష్యా తలూపింది. ఇటలీ రాసుకుంది. ఫ్రాన్స్ అప్పటికే పళ్లెం మూత తీసి తినడం మొదలుపెట్టింది.

కిటికీ దగ్గర చెయ్యి లేచింది. పరిశీలకులు క్లుప్తంగా మాట్లాడొచ్చని ట్యూటర్ అనుమతించాడు.

ముసలాయన లేచి కోటు సర్దుకున్నాడు. "మిమ్మల్ని మేం పిలవలేదు" అన్నాడు. ఆగి కాస్త ఆలోచించాడు. "సరే, పిలిచాం. కానీ మామీద కాల్చమని పిలవలేదు. మేం అడిగింది ఒక్కటే. దానికి మీరు ఔననలేదు, కాదనలేదు, మా రేవులో లంగరు వేశారు."

అందరూ బ్రిటన్ వైపు చూశారు. పొద్దున్నే ఆయన కాచిన కాఫీ తాగి వచ్చిన బ్రిటన్, "మీ అభిప్రాయాన్ని మేం శ్రద్ధగా విన్నాం" అంది. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి కూర్చున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఈ జవాబు ఇంతకుముందు విన్నట్టుంది.

తర్వాత వంతు సుల్తానుది. ఆ అమ్మాయి తన హక్కుల గురించి మాట్లాడాలి. కాగితం మీద రాసుకొచ్చింది కూడా. కానీ పళ్లెం తిరిగి తిరిగి అప్పుడే ఆమె ముందుకొచ్చింది. అందులో ఆకుకూరా చీజూ కలిపి కూరిన కజ్జికాయల్లాంటివి ఉన్నాయి. ఒకటి కొరికి ఆగిపోయింది. కాగితం పక్కన పెట్టి ముసలాయన వైపు తిరిగింది.

"ఇందులో ఉన్న ఆకు రదీకానా?" అంది.

"రదీకియా" అని దిద్దాడాయన. వెంటనే, "నీకా మాట ఎలా తెలుసు?" అన్నాడు.

"మా తాతమ్మ చేసేది. ఆమెది క్రీట్. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, దీవి గ్రీసులో కలిశాక, ముస్లింలు కదా అని ఇంటిల్లిపాదినీ ఓడెక్కించి టర్కీకి పంపేశారు. చచ్చిపోయేదాకా ఆమెకి టర్కిష్ సరిగ్గా రాలేదు. గ్రీకులోనే తిట్టేది."

"ఏ ఊరు?"

ఆమె చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని బల్ల దగ్గరకొచ్చాడు. ఆ ఊరు వాళ్ల ఊరికి కొండ అవతలేనట. తాతమ్మ ఏమని తిట్టేదని అడిగాడు. ఆ పిల్ల రెండు తిట్లు తిట్టింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చేంతగా నవ్వాడు. ఆ మాటలు ఎవరో అనగా విని యాభై ఏళ్లయిందన్నాడు.

ట్యూటర్ మొదట ఓపిక పట్టాడు. తర్వాత, "సుల్తాను గారు పాత్ర దాటుతున్నారు" అన్నాడు. సుల్తాను గారు వినిపించుకోలేదు. ఆరు రాజ్యాలకీ ఏం చెయ్యాలో తోచలేదు. ప్రాక్టీసుంది, నేను వెళ్లొచ్చా అని ఫ్రాన్స్ అడిగింది. చివరికి ట్యూటర్ ముందే అచ్చు వేయించిన తీర్మానం చదివాడు, మేం చేతులెత్తాం, దీవికి శాంతి వచ్చింది.

మార్కులు వచ్చినప్పుడు క్లాసులో నాదే పైచెయ్యి. బ్రిటన్‌ని చాలా నమ్మకంగా పోషించానని ట్యూటర్ రాశాడు. తన సార్వభౌమత్వాన్ని కాపాడుకోలేదని ఆ అమ్మాయికి తగ్గించాడు.

సమావేశం అయ్యాక కారులో ముందుసీటు ఆమెకిచ్చి నన్ను వెనక కూర్చోబెట్టాడు ముసలాయన. అప్పట్నుంచి ప్రతి శనివారం ఆమె మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ సంచీలు పట్టుకుని కొండవాలు రోడ్ల పక్కన వంగి వంగి రదీకియా ఆకులు కోసేవారు. ఆస్ట్రేలియావాళ్లు మందుకొట్టి చంపే కలుపుని వీళ్లు ఇంటికి మోసుకొచ్చి, ఉడకబెట్టి, నూనె పోసి, నిమ్మకాయ పిండి తినేవారు. నాకూ పెట్టేవారు. తాలింపు లేని ఆకుకూర తిని బావుందని చెప్పడం బ్రిటన్‌గా మాట్లాడటం కన్నా కష్టమైన నటన.

ఒక శనివారం మాట ఎక్కడో జారింది. తన తాత కాలంలో టర్కీ సైనికులు తమ ఊరు ఎలా తగలబెట్టారో ఆయన చెబుతున్నాడు. ఆ పిల్ల చాలాసేపు విని, "మరి మా తాతమ్మ ఇల్లు ఎవరికి వెళ్లింది?" అని మెల్లగా అడిగింది.

"అది నాకు తెలీదు. మా ఊళ్లో అలా ఓడెక్కిపోయినవాళ్ల ఇల్లొకటి మా మేనమామకి వచ్చింది. మేం అక్కడే ఆడుకునేవాళ్లం. ఎవరిదని ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

ఆమె లేచి తన పళ్లెం కడిగి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మరుసటి శనివారం రాలేదు. ఆ తర్వాత శనివారం కూడా రాలేదు. ముసలాయన ఒక్కడే సంచీతో వెళ్లి ఖాళీగా వచ్చేవాడు. వాన లేదు, ఆకు లేదు అనేవాడు.

నాకు చూడబుద్ధి కాలేదు. హాస్టల్లో ఆ అమ్మాయి గదికి వెళ్లి, అంకుల్ చాలా బాధపడుతున్నాడు, నీకు క్షమాపణ చెప్పమన్నాడు అన్నాను. ఆయన అలా అనలేదు. ఇంటికొచ్చి, తొందరపడి అడిగానని ఆ పిల్ల ఏడ్చింది అంకుల్ అన్నాను. ఆమె ఏడవలేదు. రెండు వైపులా కాస్త కాస్త అబద్ధం చెబితే మధ్యలో స్నేహం మొలుస్తుందని నా లెక్క. మొలిచింది గొడవ. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని నా రాయబారం బయటపెట్టారు.

"నిన్నెవరు రమ్మన్నారు మా మధ్యకి?" అన్నాడాయన. టీ కూడా ఇవ్వలేదు. ఆమె ఫోన్ చేసి ఇంకా మర్యాదగా అదే అడిగింది.

వానలు పడ్డాక ఒక శనివారం ఎవరూ పిలవకుండానే ఆమె వచ్చింది. ఆకులకి వెళ్లలేదు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, "మీ మేనమామకి వచ్చిన ఇల్లు ఎలా ఉండేదో చెప్పండి" అంది. అది తన తాతమ్మ ఇల్లు కాదని ఆమెకి తెలుసు. అసలు ఊరే వేరు. ఆయనకీ తెలుసు. అయినా చెప్పడం మొదలుపెట్టాడు. వాకిట్లో రెండు మెట్లు, లోపల గచ్చు మీద గులకరాళ్లు, గోడలో దీపం గూడు, మేడమీద గాలి వచ్చే కిటికీ, ఆ కిటికీ రెక్క మీద ఎవరో పిల్లలు మేకుతో గీసిన ఓడ బొమ్మ. మేనమామ రంగు వేయించినా ఆ గీతలు కనబడుతూనే ఉండేవట. ఆ ఓడ ఎన్ని తెరచాపలదని ఆమె అడిగింది. ఆయన కళ్లు మూసుకుని గుర్తుచేసుకున్నాడు.

నేను ఏదో అనబోయాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. నిమ్మకాయలు తెస్తానని పెరట్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

చదువయ్యాక ఆమె ఇజ్మీర్ వెళ్లిపోయింది. నేను ఉద్యోగానికి సిడ్నీ వచ్చి గిరావీన్ అనే పేటలో పడ్డాను. ముసలాయన బ్రిస్బేన్‌లో కొడుకు దగ్గరికి చేరాడు. ఆమె ఇజ్మీర్‌లో సాయంత్రాలు గ్రీకు క్లాసులకి వెళ్తూ, ఆయనకి వారం వారం ఫోన్ చేసేది. నేను ఎప్పుడు పలకరించినా ఆయన ముందు ఆ క్లాసు మీద ఫిర్యాదు చేసేవాడు. పంతులమ్మది ఏథెన్స్ అట, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడటం నేర్పుతోందట. తాతమ్మ నేర్పిన రెండు తిట్లకీ వ్యాకరణం దిద్ది పాడుచేసిందట.