కొట్టేయని తేనె

భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఎస్పెరాన్సాలో జనవరి అంటే నడి ఎండాకాలం; ఆ ఎండకు ఊళ్లో కుక్కలు కూడా నీడ వదిలి కదలవు. అలాంటి ఎండలోనే ఎర్మిండా పెరట్లో పొయ్యి వెలిగించి, పెద్ద గుండిగలో బీరు కాస్తుంది. సగం మొలకెత్తించిన బార్లీ, సగం గోధుమ. తేనెను మాత్రం మరుగులో వెయ్యదు, వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. మూడో రోజు, పులియడం జోరందుకున్నాక పోస్తుంది. ఈస్టు తీపినంతా తినేస్తుంది. పశువుల మేతకు వేసే లూసర్న్ గడ్డి పూల వాసన మిగులుతుంది.

మొగుడు వదిలిపోయాక ఇరవయ్యేళ్లు ఆమెకు అన్నం పెట్టినవి ఆ పూల మీద వాలే తేనెటీగలే. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమెకు ఏ నామోషీ లేదు.

ఊరి బీరు సంఘంలో పదకొండు మంది మగవాళ్లు, పన్నెండోది ఆమె. అధ్యక్షుడు ఒస్మార్‌కు తేనె అంటే గిట్టదు.

"తేనె పోస్తే అది బీరెలా అవుతుందమ్మా? దగ్గుమందు అవుతుంది గానీ," అంటాడు ప్రతి సమావేశంలోనూ. నాలుక మీద చుక్క వేసుకోకుండానే తీపని తేల్చేశాడు మహానుభావుడు.

ఈసారి వేసవి పోటీలో గ్లాసులకు పేర్లు లేవు, అంకెలే. ఏడో నంబరు బీరు ఒస్మార్ రెండుసార్లు పోయించుకున్నాడు. "ఎండాకాలం బీరంటే ఇదీ. తేలిగ్గా ఉంది, తీపి లేదు," అని మొదటి బహుమతి ఇచ్చేశాడు. ఆ నంబరు చీటీ విప్పితే, 'ఎర్మిండా, తేనె గోధుమ బీరు' అని ఉంది.

గెలిచినవాళ్ల పేరు సంఘం గోడ మీద రాస్తారు. ఆ గోడ మీద ఆడపేరు ఇంతవరకూ లేదు. తొమ్మిదేళ్లుగా ఆమె కోరుకున్నది అదొక్కటే.

ఒస్మార్ మెడ తుడుచుకుంటూ దగ్గరికొచ్చి పెన్సిలు చేతికిచ్చాడు. "చూడు ఎర్మిండా, ఆ తేనె అన్న మాట కొట్టేయ్. ఉత్త గోధుమ బీరని ఉంచు. ఇన్నాళ్లూ నేనన్నదానికి నా పరువేం కాను?"

"మీ పరువు కోసం నన్ను అబద్ధమాడమంటారా?"

"కొట్టేస్తే నీ పేరు గోడెక్కుతుందే."

"ఆ గోడ ముందు నుంచి నేను రోజూ నడవాలండీ."

పెన్సిలు ఆయన జేబులోనే పెట్టేసింది. చీటీ తీసుకుని, పీపా చంకనెత్తుకుని బయటికి నడిచింది.

సాయంత్రమైతే ఊరంతా కుర్చీలు వేసుకుని వీధి అరుగుల మీదే కూర్చుంటుంది. ఆమె కూడా సంఘం గుమ్మం ముందే కుర్చీ వేసి, పీపా దాని మీద పెట్టి, ఆ చీటీ అంటించింది. మొదట కుర్చీ లాక్కొచ్చింది ఒస్మార్ పెళ్లాం నెల్దా. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. లోపల ఒస్మారూ, ఫ్యానూ మిగిలారు.

కాసేపటికి ఆయనా ఖాళీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏం కావాలి?" అంది ఎర్మిండా.

"గోధుమ బీరు."

"అది ఇక్కడ దొరకదండీ."

"అడగరాదూ, గొంతెండి చస్తున్నావుగా," అంది నెల్దా.

"తేనె బీరు," అన్నాడు ఒస్మార్, గ్లాసులోకి చూస్తూ.

"గట్టిగా చెప్పండి," అంది ఎర్మిండా. "దగ్గుమందని గట్టిగానే అనేవారుగా."