టోరికా మేడం దొంగ దుఃఖం

టోరికా మేడానికి ఒకే ఒక్క జబ్బు. ఆవిడ ఎప్పుడు చూసినా ఇంకెవరో అయిపోయి ఉంటారు.

మా దీవుల రాజధాని సువాలో, మా యూనివర్సిటీలో ఆవిడ కౌన్సెలింగ్ నేర్పుతారు. నేను ఆవిడ అసిస్టెంటుని. ఓదార్చడం నేర్చుకోవాలంటే ఎదురుగా కష్టాల్లో ఉన్న మనిషి కావాలి కదా. ఆ మనిషి ఎప్పుడూ మేడమే. ఒక టర్మంతా కొడుకు మాట వినని తల్లి, ఇంకో టర్మంతా ఉద్యోగం ఊడిన పోలీసు. ఎవరైనా సరిగ్గా ఓదార్చేదాకా వేషం తీయరు. అలా ఓదార్చేవాడు మా కోర్సులో ఇంకా పుట్టలేదు గనక, ఆవిడ తీసిందీ లేదు. క్యాంటీన్లోనూ అదే వరస.

"చేప ఉడికించింది వెయ్యనా మేడం, వేయించిందా?"

"ఉద్యోగం ఊడినవాడికి ఏదైతేనేం బాబూ. వేయించిందే వెయ్యి. పెద్ద ముక్క."

ఈ టర్ములో ఆవిడ విధవరాలు. అసలు మొగుడు, సాము అనే ఆయన, గుండ్రాయిలా ఉన్నాడు, ఆవిడ చీకట్లో తోడు లేకుండా రాకూడదని రోజూ గేటు దగ్గర కాపు కాస్తాడు. ఆయన ఎదురుగానే ఆవిడ ముక్కు చీదుకుంటుంటే నాకు తల కొట్టుకోవాలనిపించేది.

ఇక మా విద్యార్థుల సంగతి చెప్పాలంటే ఏడుపొస్తుంది. 'మీకేమనిపిస్తోంది' అని అడగమని పుస్తకం మొత్తుకుంటుంది. వీళ్ళు మాత్రం "మీదే ఊరమ్మా, ఎవరి తాలూకు?" అని మొదలుపెడతారు. ఊరు తెలిస్తే చుట్టరికం తేలుతుంది. వరసకు చెల్లెలైతే మొగవాడు ఆమెతో మాట్లాడకూడదు, అదీ మా ఆచారం. వాడు తలొంచుకుని గోడను ఓదారుస్తాడు. మా దగ్గర కొన్ని ఊళ్ళ మధ్య పరాచికాల వరస ఉంటుంది, అలాంటి ఊరైతే మరీ ఘోరం. "మీ ఆయన పోయాడా? మీ ఊరి వంట తిని ఇన్నాళ్ళు ఉండడమే గొప్ప" అన్నాడొకడు. వీళ్ళతో లోకం బాగుపడుతుందనే ఆశ నాకు ఏనాడో చచ్చిపోయింది.

వీళ్ళందరిలో వైసేయా కథ ఇంకా దిగులు. కడవు దీవి నుంచి వచ్చాడు, అక్కడ కౌన్సెలరన్నవాడే లేడు. చర్చివాళ్ళు ఏరికోరి పంపారు. ఎవరు నోరు విప్పినా "ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూస్తాడు. తెరిచేసరికి పీరియడ్ అయిపోతుంది. అప్పటికే రెండుసార్లు తప్పాడు, ఈసారి తప్పితే పెట్టె సర్దుకోవాల్సిందే. దానికి తోడు పోయినేడు వాడి తమ్ముడు సముద్రంలో పోయాడు. ఆ మాట మా దగ్గర వాడూ ఎత్తడు, మేమూ ఎత్తం.

అలాంటి సమయంలో మా శాఖకు కొత్త పెద్దగా పెనాయా వచ్చాడు. పరాయి దేశంలో చదివొచ్చినవాడు. "ఆఖరి పరీక్షలో నాటకాలొద్దు. పిల్లలు క్లాసు ముందు సొంత కష్టాలు చెప్పుకోవాలి, పక్కవాడు ఓదార్చాలి" అన్నాడు. మొదటి పేరు వైసేయాది.

పరీక్షనాడు వైసేయాని పిలిచారు. కాళ్ళీడ్చుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చేలోపు మేడం అందులో చతికిలబడ్డారు.

"మేడం, లేవండి" అన్నాడు పెనాయా.

"ఎవరు బాబూ మేడం? మొగుడు పోయినదాన్ని, కాస్త కూర్చోనివ్వవా?"

"ఇది పరీక్షండీ."

"నాకొచ్చిన పరీక్ష కంటే పెద్దదా నాయనా?"

క్లాసంతా గొల్లుమంది. ఆవిణ్ణి లేపడం వాడి తరం కాలేదు. విసుగొచ్చి వైసేయాని ఎదుటి కుర్చీలో కూర్చోమన్నాడు. మేడం తన గోడు చెప్పుకొచ్చారు. "ఇప్పటికీ పొద్దున్నే రెండు కప్పులు టీ కలుపుతున్నాను" అన్నారు. వైసేయా ప్రార్థనకు కళ్ళు మూశాడు, వెంటనే తెరిచాడు. కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని మెల్లిగా అడిగాడు.

"ఆ రెండో కప్పు ఏం చేస్తారమ్మా?"

మేడం వాడివైపు చూసి, లేచి, మామూలు గొంతుతో "పాస్" అన్నారు. నేను నా చెవుల్ని నమ్మలేదు.

"నాటకానికి పాసేంటి? రేపు మళ్ళీ పరీక్ష. వాడి సొంత కష్టమే చెప్పాలి" అని పెనాయా వెళ్ళిపోయాడు. వైసేయా పుస్తకాలు సర్దుకున్నాడు. వాడి పని అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం నేను మేడం ఇంట్లో కర్రపెండలం చెక్కు తీస్తున్నాను. వాకిట్లో రెండు వ్యాన్లు ఆగాయి. నల్లబట్టల ఆడవాళ్ళు చుట్టచుట్టిన చాపలతో దిగారు. చావింటికి మేము అలాగే వెళతాం. సాము తలుపు తీశాడు.

"టోరికా మొగుడు పోయాడట, పాపం" అంది ముందున్న ముసలామె. "నువ్వెవరు నాయనా?"

"ఆ పోయినవాణ్ణేనండి."

ఆమె వెనకాల చాప రెండో కొస మోస్తూ మా పెనాయా.

"మా మేనత్త" అన్నాడు చచ్చేంత సిగ్గుపడుతూ. "పరీక్షలో మాట ఎవరో బజార్లో అంటుంటే విందట. నాటకమని చెప్తే, చావుని నాటకమంటావా అని చెయ్యెత్తింది."

మేడం పెనాయాని పక్కకి పిలిచారు. "పొద్దున ఆ గదిలో ఏడిచాను. పొద్దుగూకేసరికి చాపలొచ్చాయి. నాది దొంగ దుఃఖం గనక నవ్వుకుంటాం. ఇదే వైసేయాదైతే? అందరూ ఆ సంగతే అడుగుతుంటే రేపు బజార్లో వాడు కూరలెలా కొనుక్కుంటాడు? నా దగ్గర దొంగ దుఃఖాలు కావలసినన్ని ఉన్నాయి, వాటిమీద నేర్చుకోనీ. అసలువి వాళ్ళ దగ్గరే ఉండనీ."

ఇన్నేళ్ళు పక్కనే ఉండి, అది ఈవిడ పిచ్చి అనుకున్నాను నేను.

పెనాయా వాకిట్లో చాపలవైపు చూశాడు. "రేపు పరీక్ష లేదు మేడం" అన్నాడు. "వైసేయా పాసే."

"అంతా బాగానే ఉంది" అన్నాడు సాము గుమ్మంలోంచి. "చావుకొచ్చినవాళ్ళకి అన్నం పెట్టకుండా పంపకూడదు. చచ్చిందీ నేనే, వండేదీ నేనేనా?"

పెనాయా చొక్కా చేతులు మడిచి, నా చేతిలో కత్తి అందుకున్నాడు.